విత్తనం ఇచ్చి కొనుక్కున్న పువ్వు

మా పెరట్లో మెట్టతామరలు రెండు కుదుళ్ళున్నాయి. ఒకటి ఎర్రది. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నూతి చప్టా పక్కన ఉన్న కుదురులోంచి గునపంతో ఒక దుంప పెళ్ళగించి, గోనెపట్టాలో చుట్టి బస్సులో తెచ్చుకున్నాను. ఆకులు చాటంత ఉంటాయి గానీ పువ్వు చూస్తే వేలెడంత, సన్నగా, మొహమాటపడుతున్నట్టు ఉంటుంది. రెండోది కడియం వెళ్ళినప్పుడు నర్సరీలో కొన్నది. పసుపు మీద ఎర్ర చుక్కలు, అరచెయ్యంత పువ్వు. ఇంటికొచ్చిన వాళ్ళు ముందు దాన్నే చూస్తారు, దాని పక్కనే నిలబడి ఫొటో దిగుతారు.

రెండిటికీ ఒకే మట్టి, ఒకే ఎరువు, ఒకే ఎండ. అయినా ఎర్రదానికి పువ్వు రాలగానే ముళ్ళముళ్ళుగా కనిపించే ఆకుపచ్చ కాయ కడుతుంది. చూడ్డానికి ఉమ్మెత్తకాయకు చెల్లెల్లా ఉంటుంది గానీ ఆ ముళ్ళు మెత్తన, గుచ్చుకోవు. ఎండి పగిలితే లోపల నల్లటి గుండ్రటి గింజలు. పసుపుదానికి ఇన్నేళ్ళలో ఒక్క కాయ కట్టలేదు. పువ్వు వాడి, తొడిమె ఎండి, అంతటితో సరి. తేనెటీగలు రావడం లేదేమో, నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. మళ్ళీ కడియం వెళ్ళినప్పుడు నర్సరీ ఆయన్ని అడిగితే నవ్వేశాడు. "దీనికి గింజ కట్టదండీ. దుంప తీసుకెళ్ళండి, దుంపే దీనికి గింజ" అన్నాడు. ఎందుకు కట్టదని అడిగాను. "అదంతేనమ్మా, పెద్ద పువ్వు రకాలన్నీ ఇంతే" అని ఇంకో బేరంలో పడ్డాడు.

ఆ జవాబు పట్టుకుని వెనక్కి వెళ్తే కథ పెరూ కొండల దాకా సాగింది.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మనం మెట్టతామర అంటాం, కొందరు కృష్ణతామర అంటారు, నర్సరీల్లో కన్నా లిల్లీ అంటారు. ఇది తామర కాదు, లిల్లీ అసలే కాదు. మెట్టన బతుకుతుంది గానీ దాని మనసంతా బురదలోనే ఉంటుంది. చుట్టాలెవరో తెలియాలంటే కుదురు తవ్వి దుంప చేతిలోకి తీసుకుంటే చాలు. కణుపులు కణుపులుగా, ఒకదాని పక్కన ఒకటి కొమ్ములు వేస్తూ, గులాబీ రంగు మొలక కళ్ళతో అచ్చం పసుపు దుంపలా ఉంటుంది. అల్లం, పసుపు, అరటి దీనికి దగ్గరి చుట్టాలు. మలబారు వాళ్ళు ఈ చుట్టరికాన్ని మనకంటే ముందే కనిపెట్టారు. డచ్చి అధికారి వాన్ రీడ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చు వేయించిన హోర్టస్ మలబారికస్ పదకొండో సంపుటంలో ఈ మొక్క బొమ్మ 'కట్టు బాల' పేరుతో ఉంది. కాట్టువాళ, అంటే అడవి అరటి. మనం పువ్వు చూసి తామర అన్నాం, వాళ్ళు ఆకు చూసి అరటి అన్నారు. వాళ్ళ కన్నే నిజం పట్టింది. ఆ పుస్తకం సంపుటాలు 1678 నుంచి 1693 దాకా వచ్చాయి కాబట్టి పదిహేడో శతాబ్దం నాటికే ఇది మలబారు తీరానికి చేరిందన్నమాట.

చేరిందని ఎందుకంటున్నానంటే ఇది మన దేశపు మొక్క కాదు. పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1753లో లిన్నేయస్ దీనికి కన్నా ఇండికా అని పేరు పెట్టాడు గానీ, ఆ 'ఇండికా' మనకు సంబంధించింది కాదు, కొలంబస్ పొరబాటున ఇండీస్ అనుకున్న దీవులది. అక్కడి ఆండీస్ కొండల జనం దీన్ని పువ్వుల కోసం పెంచలేదు, తినడానికి పెంచారు. వాళ్ళు దీన్ని అచీరా అంటారు. పెరూ తీరంలో వాకా ప్రియెతా అనే దిబ్బను తవ్వితే నాలుగు వేల ఏళ్ళు దాటిన పొరల్లో పత్తి, సొరకాయ, మిరపల అవశేషాలతో పాటు అచీరా కూడా దొరికింది. దుంపను కాల్చిన రాళ్ళ మధ్య మట్టి గొయ్యిలో పెట్టి కాలుస్తారు. కుస్కో పట్టణంలో కార్పస్ క్రిస్టీ పండుగనాడు ఇప్పటికీ తింటారు. కొలంబియాలో దీని పిండితో బిస్కెట్లు చేస్తారు. వియత్నాం వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ పిండితో గాజులాంటి సన్నటి సేమియా తీస్తారు, దాని పేరు మియెన్ జోంగ్. ఈ దుంపలోని పిండి రేణువులు మిగతా పిండి రేణువులన్నిటికంటే పెద్దవి, మంచి వెలుతురులో మామూలు కంటికే మిలమిలలాడతాయి. మా పసుపు పువ్వు దుంపను వండే సాహసం నేను చెయ్యలేదు. అది తోట కోసం కలిపిన రకం, తిండి కోసం పెంచింది కాదు.

ఐరోపాకు వెళ్ళిన మొదట్లో దీన్ని చూసి మురిసిన వాళ్ళకంటే విసిగిన వాళ్ళే ఎక్కువై ఉంటారు. 1597లో పెద్ద మొక్కల పుస్తకం అచ్చు వేసిన ఇంగ్లీషాయన జాన్ జెరార్డ్, తన తోటలో ఎన్నిసార్లు నాటినా ఇది పువ్వు పుయ్యలేదని, చలికి తట్టుకోలేదని రాసుకున్నాడు. పాపం, లండన్ చలిలో మన మెట్టతామర! ఆ తర్వాత రెండు వందల యాభై ఏళ్ళు ఇది అక్కడ గాజు ఇళ్ళలో వింతగా మిగిలిపోయింది. ఆకు బాగుంది, పువ్వు చిన్నది, పెంచడం కష్టం. ఎవరో ఒకరు దీన్ని మార్చాలని పంతం పట్టాలి.

ఆ పంతం పట్టినవాడు తోటమాలి కాదు, దౌత్య ఉద్యోగి. పేరు తెయొడోర్ అన్నే. ఫ్రాన్సు తరఫున చిలీలోని వల్పరైసో రేవులో పనిచేసి, పారిస్ శివార్లలోని పాస్సీకి తిరిగొచ్చి స్థిరపడ్డాడు. దక్షిణ అమెరికాలో ఉన్నప్పుడు ఈ మొక్కల మీద మోజు పట్టుకుంది, వస్తూ వస్తూ తెచ్చుకున్నాడు. తన ఇంటి తోటలో ఒక జాతి పుప్పొడిని ఇంకో జాతి పువ్వుకు అంటిస్తూ పోయాడు. 1848లో తొలి సంకర కన్నా బయటికొచ్చింది, దానికి ఆయన పేరే పెట్టారు, అన్నేయి అని. ఎర్ర ఇండికా ఒక వైపు, బూడిదరంగు ఆకులతో నీళ్ళలో పెరిగే గ్లాకా ఇంకో వైపు. పువ్వు కోసం కాదు సుమా, ఆకు కోసం! నిలువెత్తు పెరిగి, పారిస్ వీధిలో నిలబెడితే ఉష్ణమండలం వచ్చిందనిపించే ఆకు ఆయనకు కావాలి.

ఆయన అదృష్టం, కాలం కూడా కలిసొచ్చింది. ఔస్మన్ పారిస్‌ను పడగొట్టి మళ్ళీ కడుతున్న రోజులవి. కొత్త పార్కులకు మొక్కలు నింపే పని బారియే-దెషాం అనే తోటల అధిపతిది. పాస్సీ పక్కనే లా మ్యుయెత్‌లో నగరానికి పెద్ద నర్సరీ పెట్టారు. గడ్డి మధ్యలో గుండ్రటి మళ్ళు చేసి, నడుమ కన్నాలు, చుట్టూ పొట్టి మొక్కలు వేసే పద్ధతి అప్పుడే ఊపందుకుంది. మన ఊళ్ళలో రైల్వే స్టేషను ముందు, కలెక్టరాఫీసు ముందు, గాంధీ బొమ్మ చుట్టూ గుండ్రంగా ఇటుకలు ఏటవాలుగా పాతి లోపల మెట్టతామరలు వేస్తారే, ఆ అలవాటుకు తాత ముత్తాతలు పారిస్ పార్కుల్లో ఉన్నారు. లండన్ వాళ్ళూ వెనకబడలేదు. 1864లో బాటర్‌సీ పార్కులో ఉష్ణమండల తోట వేసిన జాన్ గిబ్సన్, కుర్రతనంలో ఒక ఇంగ్లీషు ప్రభువు కోసం మొక్కలు వెతకడానికి కలకత్తా వచ్చి, ఖాసీ కొండల్లో తిరిగి వెళ్ళినవాడే. పెద్ద పెద్ద ఆకుల మధ్య నడిచే సుఖం అక్కడే తెలిసుంటుంది.

ఒక్క ఇబ్బంది. శీతాకాలం వచ్చేసరికి వాళ్ళు కుదుళ్ళన్నీ తవ్వి, దుంపల్ని మంచు తగలని నేలమాళిగలో దాచి, వసంతంలో మళ్ళీ నాటాలి. ఏటా తవ్వకం, ఏటా నాటడం. కన్నా పెంపకం పుస్తకాలన్నీ ఆ దేశాల వాళ్ళు రాసినవి కాబట్టి, ఇప్పటికీ మొదటి పేజీలోనే 'శీతాకాలంలో దుంపలు తవ్వి భద్రపరచండి' అని ఉంటుంది. అది చదివి సంక్రాంతి ముందు దుంపలన్నీ తవ్వి బియ్యపు డబ్బాల పక్కన పేర్చిన మహానుభావురాలు మా వీధిలోనే ఉంది. మనకా అవసరం లేదు. మన దగ్గర ఇది నిద్రపోదు.

అన్నే తర్వాత కథ చెప్పాలంటే ముందు పువ్వును విప్పి చూడాలి. మా పసుపు పువ్వు ఒకటి కోసి, వంటింటి గట్టు మీద పెట్టి, పిన్నీసుతో ఒక్కో భాగం విడదీశాను. అడుగున మూడు చిన్న పచ్చటి రక్షక పత్రాలు. వాటిపైన మూడు సన్నటి, మొనదేలిన, పాలిపోయిన రేకులు. అసలు ఆకర్షక పత్రాలు అవే, వాటినెవరూ చూడరు. మనం 'ఎంత పెద్ద రేకులో' అని మురిసిపోయేవి రేకులే కావు, కేసరాలు. పుప్పొడి తయారుచెయ్యాల్సిన కేసరాలు ఆ పని మానేసి, వెడల్పై, రంగు పూసుకుని రేకుల వేషం కట్టాయి. వాటిలో ఒకటి నాలుకలా వెనక్కి ముడుచుకుంటుంది. ఇంకొకటి మాత్రం ఒక అంచున, సగం పుప్పొడి తిత్తిని మిగుల్చుకుంటుంది. పువ్వు మొత్తానికి పుప్పొడి అంతే, అర తిత్తి! మధ్యలో కీలం చిన్న చాకు బద్దలా చదునుగా నిలబడుతుంది. ఏ వైపు నుంచి కోసినా రెండు సమాన భాగాలు కాని పువ్వు ఇది.

ఇంకా చిత్రం, ఆ అర తిత్తి పువ్వు విచ్చకముందే, మొగ్గలోనే పగిలి పుప్పొడిని కీలం బద్దకు అంటించేస్తుంది. తేనె కోసం వచ్చిన పిట్టో పురుగో ఆ బద్దను రాసుకుని పుప్పొడి మోసుకుపోతుంది. అంటే సంకరం చెయ్యాలనుకున్నవాడు విచ్చిన పువ్వు దగ్గర కూర్చుంటే ఆలస్యమైపోయినట్టే. విచ్చబోయే మొగ్గను ముందే తెరిచి, ఆ అర తిత్తిని తీసెయ్యాలి. తర్వాత తనకు కావాల్సిన పుప్పొడి తెచ్చి కీలం కొసన అంటించాలి. కాయ కట్టేదాకా ఆగాలి, గింజ నాటాలి, పువ్వు పూసేదాకా మళ్ళీ ఆగాలి. వచ్చినవాటిలో నూటికి తొంభై తొమ్మిది పారెయ్యాలి. ఓపికలేని వాళ్ళ పని కాదిది.

ఓపికంటే లియోన్ నగరపు క్రోజీది. పియెర్ ఆంత్వాన్ మారీ క్రోజీ, 1831లో పుట్టి 1903లో పోయాడు. లియోన్ అప్పటికే గులాబీల ఊరు. 1867లో 'లా ఫ్రాన్స్' అనే పేరుమోసిన గులాబీ అక్కడిదే. గులాబీల మధ్య పనిచేసేవాడికి ఆకు చూసి తృప్తి ఎలా కలుగుతుంది? అన్నే నిలువెత్తు మొక్కను క్రోజీ నడుము ఎత్తుకు దించాడు, పువ్వును మూడు నాలుగింతలు చేశాడు. కేసరాలు మరింత వెడల్పయ్యాయి. దశాబ్దాల పాటు వందల రకాలు వదిలాడు. వాటిలో ఆయన భార్య పేరున్న 'మదాం క్రోజీ' దేశదేశాలు తిరిగింది, ఎర్రటి పువ్వుకు పసుపు జరీ అంచు. మన ఊళ్ళలో ఎర్ర పువ్వుకు సన్నని పసుపు అంచున్న మెట్టతామర ఎక్కడైనా కనిపిస్తే లియోన్ గుర్తొస్తుంది నాకు. అప్పటిదాకా పార్కులో ఆకుగా నిలబడ్డ మొక్క, క్రోజీ చేతిలో పువ్వుల మొక్క అయింది. గింజ కట్టడం మాత్రం ఇంకా పూర్తిగా మానలేదు.

అది మాన్పించిన పుణ్యం కార్ల్ లుడ్విగ్ స్ప్రెంగర్‌ది. ఈ పేరు మీకు తెలుసు, తెలియదనుకుంటున్నారంతే. బొకేల్లో పెట్టే, కుండీల్లోంచి జారే సన్నాకుల మొక్కను మన నర్సరీల్లో 'స్ప్రింజరీ' అంటారే, ఆస్పరాగస్ స్ప్రెంగెరి, ఆ పేరు ఈయనదే. దక్షిణాఫ్రికా మొక్కను ఐరోపా తోటలకు అందించినందుకు దక్కిన గౌరవం. జర్మనీలో పుట్టి, ఇటలీలో నేపుల్స్ దగ్గర నర్సరీ వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1890లలో క్రోజీ రకాలను ఎవరూ పట్టించుకోని ఒక జాతితో కలిపాడు. అది అమెరికా ఆగ్నేయపు చిత్తడి నేలల్లో పెరిగే ఫ్లాక్సిడా. ఫ్లాక్సిడా అంటేనే వాడినట్టుండేది, వడలినది అని అర్థం. పేరుకు తగ్గట్టే పల్చని పసుపు పువ్వు, సాయంత్రం విచ్చి, మర్నాటికల్లా వాలిపోతుంది. దాన్ని తెచ్చి క్రోజీ పూలతో పెళ్ళి చేస్తే పుట్టిన పిల్లలు ఎవరూ ఊహించనివి. అరచెయ్యంత, ఆర్కిడ్‌లా అలలు తిరిగిన పువ్వులు. వాటికి 'ఇటాలియా', 'ఆస్ట్రియా' అని పేర్లు పెట్టాడు. అమెరికాలో లూథర్ బర్బాంక్ కూడా ఇంచుమించు అప్పుడే అదే ఫ్లాక్సిడాతో అదే ప్రయత్నంలో ఉన్నాడు. స్ప్రెంగర్ తోటకు మాత్రం 1906లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి గట్టి దెబ్బే తగిలింది. తర్వాత గ్రీసులోని కోర్ఫూ దీవిలో జర్మన్ చక్రవర్తి కొనుక్కున్న భవనపు తోట చూసుకుంటూ 1917లో అక్కడే పోయాడు.

మా పసుపు చుక్కల పువ్వు ఈ ఇటలీ వంశమే. ఋజువు నా చేతి వేళ్ళకు తెలుసు. అమ్మమ్మ వాళ్ళ ఎర్ర పువ్వు వాడగానే తనంతట రాలిపోతుంది. ఈ పెద్ద పువ్వు రాలదు, తడిసిన టిష్యూ కాగితంలా గెలను పట్టుకుని వేలాడుతుంది. రోజూ పొద్దున్నే గిల్లి పారెయ్యాలి. ఫ్లాక్సిడా అమ్మమ్మ గారి వడలిపోయే గుణం, నూట ముప్ఫయ్యేళ్ళ తర్వాత మా పెరట్లో నా పని పెంచుతోంది. ఇంకో వింత, ఒకసారి పసుపు పువ్వులో ఒక రేకు సగం ముదురెరుపు వచ్చింది, కత్తిరించి అతికించినట్టు. కింగ్ హంబర్ట్ అని ఇటలీ రాజు పేరుతో ఒక ఎర్ర రకం ఉండేది. దాని దుంపలోంచే ఉన్నట్టుండి ఒక పిలక పసుపై పుట్టిందని, అలా వచ్చిన పసుపు రకంలో పాత ఎరుపు అప్పుడప్పుడు ఇలా తొంగి చూస్తుందని తర్వాత తెలిసింది.

ఇక గింజ సంగతి. ఆ ముడి విప్పిన పనిలో పెద్ద వాటా మన దేశానిదే. 1820లో కలకత్తాలో అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ పెట్టినవాడు విలియం కేరీ. శ్రీరాంపూరు మిషను కేరీయే, 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన కేరీయే. ఆ సొసైటీ అలీపూర్ తోటలో పెర్సీ-లాంకాస్టర్ల కుటుంబం, తండ్రీ కొడుకులు, కన్నాలను కలిపి ఎన్నో దేశవాళీ రకాలు తీశారు. కొడుకు సిడ్నీ తర్వాత లక్నోలో జాతీయ వృక్షోద్యానానికి వెళ్ళాడు, మనవడు ఆలిక్ ఢిల్లీ తోటల పని చూశాడు. లక్నోలోనే 1960, 70లలో త్రిలోకీనాథ్ ఖోషూ, ఆయనతో పనిచేసిన పరిశోధకులు తోట కన్నాల వంశవృక్షాన్ని క్రోమోజోముల లెక్కతో విప్పారు. అడవి జాతులకు క్రోమోజోములు 18, అంటే తొమ్మిదేసి రెండు జట్లు. తోట రకాల్లో చాలావాటికి 27, అంటే మూడు జట్లు. కణం విడిపోయేటప్పుడు పంచుకోవడం మర్చిపోయి ఒక వైపు నుంచి తొమ్మిదికి బదులు పద్దెనిమిదీ వచ్చేస్తే ఇలా అవుతుంది.

మూడు జట్లుంటే మొక్కకు బలం వస్తుంది, పువ్వు దిట్టంగా వస్తుంది. కానీ పుప్పొడి తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జోడీలు కట్టాలి. కోలాటం ఊహించుకోండి. ఎదురెదురుగా ఇద్దరిద్దరు కర్రలు తగిలిస్తేనే ఆట నడుస్తుంది. ప్రతి జోడీలోకీ మూడోవాడు దూరితే ఎవరి కర్ర ఎవరికి తగలాలో తెలియక ఆట ఆగిపోతుంది. పుప్పొడి బీరుపోతుంది, కాయ కట్టదు. మనం తినే అరటిపళ్ళలో చాలా రకాలు గింజ లేకుండా ఉన్నది ఈ మూడు జట్ల లెక్క వల్లే. పసుపు పంటను కొమ్ములతోనే వేసేదీ అందుకే. ఈ చుట్టాలింట్లో ఇదేం కొత్త కాదన్నమాట. దానికి తోడు ఫ్లాక్సిడా దూరపు జాతి, రెండు జట్లే ఉన్నా జోడీ సరిగా కుదరదు. కడియం ఆయన 'అదంతేనమ్మా' అన్నదానికి లెక్క ఇదీ.

గింజ లేకపోతే పెంపకం పద్ధతీ మారిపోతుంది. నర్సరీ ఆయన అన్నట్టు దుంపే గింజ. తొలకరి పడ్డాక కుదురు తవ్వి, ఒక్కో ముక్కకు రెండు మూడు కళ్ళు ఉండేలా కోసి, కోసిన చోట ఒక పూట ఆరనిచ్చి, నాలుగు వేళ్ళ లోతున అడ్డంగా పెడతాను. కింద చివికిన పశువుల ఎరువు. మొక్కకూ మొక్కకూ మూర దూరం. ఎండ ఆరేడు గంటలైనా ఉండాలి, నీడలో ఆకు పెరుగుతుంది గానీ గెల రాదు. ఒక కాడ ఒక్కసారే పూస్తుంది. గెల మీద పూలు ఒకదాని తర్వాత ఒకటి అయిపోయాక ఆ కాడను నేలమట్టానికి కోసెయ్యాలి, అరటిబోదెను నరికినట్టే. చాలామందికి చెయ్యి రాదు, పచ్చగా ఉందిగా అని ఉంచేస్తారు. పిలకలు ఇరుక్కుపోయి, మధ్యలో కుదురు బోసిపోయి, పూలు తగ్గాయని బాధపడతారు. రెండు మూడేళ్ళకోసారి కుదురు విడదీయక తప్పదు. వానాకాలంలో ఆకుచుట్టు పురుగు వస్తుంది. విచ్చుకోని ఆకును దారంతో కుట్టేసినట్టు మూసి లోపల కూర్చుని తింటుంది. ఆ ఆకు చివరికి విచ్చుకున్నప్పుడు కాగితం బొమ్మలు కత్తిరించినట్టు అడ్డంగా వరసగా చిల్లులు! చుట్టను వేళ్ళతో నలిపితే చాలు, మందు కొట్టే అవసరం నాకు రాలేదు.

దుంపతోనే పెంచడంలో ఒక చెడుంది. తల్లికున్న రోగం పిల్లకు తప్పదు. ఆకుల మీద ఈనెల వెంట పసుపు చారలు పడి, క్రమంగా మాడి, చిరుగుతూ ఉంటే అది ఎరువు తక్కువై కాదు, వైరస్. పసుపు చారల వైరస్‌ను 2007లో కొత్తగా గుర్తించారు, పేనుబంక దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తుంది. వైద్యం లేదు. దుంపతో సహా పీకి పారెయ్యాలి, కోసిన కత్తిని కడగాలి. ఐరోపాలో దుంపల వ్యాపారంతో ఇలాంటి వైరస్‌లు దేశాలు దాటి పాత రకాల్ని చాలా దెబ్బతీశాయి. క్రోజీ తీసిన వందల రకాల్లో ఇప్పుడు మిగిలినవి కొద్ది.

ఇంత పెద్ద చదువు చదివాక అమ్మమ్మ గుర్తొచ్చింది. నూతి చప్టా మీద గిన్నెలు తోమిన నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు అన్నీ ఆ ఎర్ర కుదుర్లోకే పోయేవి. ఇంత మురికిలో ఎలా బతుకుతుందే అని అడిగితే, "అది బతకడం కాదే, మనల్ని బతికిస్తంది. అది తాగకపోతే ఇక్కడ బురదా దోమలే" అనేది. ఇదే పని ఇప్పుడు ఇంజనీర్లు చేస్తున్నారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఊరి మురుగు నీటిని ఇసుక, కంకర పరిచిన మడిలోంచి పోనిచ్చి, అందులో కన్నా ఇండికాలు, జమ్ముగడ్డి నాటారు. వేళ్ళ చుట్టూ చేరిన సూక్ష్మజీవులు మురికిని తింటాయి, నత్రజనీ భాస్వరమూ మొక్క తాగుతుంది, బయటికొచ్చిన నీళ్ళు పొలానికి పనికొస్తాయి. హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులో 2018లో నీళ్ళ మీద తేలే మడి కట్టినప్పుడు వట్టివేళ్ళతో పాటు కన్నాలూ వేశారు. అక్కడ కావాల్సింది అరచెయ్యంత పువ్వు కాదు, చావని దుంప. చూడబోతే అమ్మమ్మ చేతి మొక్కే మళ్ళీ పనికొచ్చింది.

గింజకు కూడా ఊరికే పోయే గుణం లేదు. బరువైనది, నీళ్ళలో మునుగుతుంది, రాయిలా గట్టిగా ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని 'ఇండియన్ షాట్' అన్నది తుపాకీ రవ్వలా ఉందనే. దాన్ని జపమాలలకు గుచ్చారు. జింబాబ్వేలో హోషో అనే సొరబుర్ర గిలకలో, రీయూనియన్ దీవిలో కయాంబ్ అనే తడకలాంటి వాయిద్యంలో ఈ గింజలే గలగలలాడతాయి. గిలక దగ్గరే అన్నిటికంటే పెద్ద వింత. అర్జెంటీనాలో సాంతా రోసా దె తాస్తిల్ అనే పాడుబడ్డ ఊళ్ళో ఒక సమాధి తవ్వితే అక్రోటు పెంకులతో చేసిన గిలకల దండ దొరికింది. పెంకులో గింజ ఉంది గానీ, దాన్ని లోపల పెట్టడానికి తెరిచిన దారి మూసుకుపోయి ఉంది. అక్రోటు కాయ లేతగా చెట్టు మీద ఉండగానే చీరి, కన్నా గింజ లోపల పెట్టేస్తే, కాయ గాయం మానిపోయి పెంకు గట్టిపడిందన్నమాట. ఎంత ముందుచూపున్న పిల్లగిలక! రేడియో కార్బన్ లెక్క ప్రకారం ఆ పెంకు సుమారు ఆరు వందల ఏళ్ళ నాటిది. 1968లో ఆ గింజ మొలకెత్తిందని శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ఇది చదివిన రోజే మా ఎర్ర కుదురు కాయల్లోంచి ఆరు గింజలు తీశాను. ఉన్నవి ఉన్నట్టు నాటితే పెంకు దాటి నీరు లోపలికి పోదు, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం. గోళ్ళు అరగదీసే ఆకురాయితో ఒక పక్క తెల్లటి లోపలి పొర కనిపించేదాకా అరగదీసి, వేణ్ణీళ్ళలో ఒక రాత్రి నానేశాను. ఒక్కో గింజకు పావుగంట, రెండు వేళ్ళూ బొబ్బలెక్కాయి. నాలుగు మొలిచాయి. రెండు మా వీధి చివర తూము పక్కన వేశాను, ఒకటి పసుపు పువ్వు కుదురు పక్కనే ఉంది, ఒకటి పక్కింటావిడ తీసుకెళ్ళింది. మొలవని రెండూ నాలుగు నెలలుగా కిటికీ దగ్గర గిన్నెలో అలాగే ఉన్నాయి. పారెయ్యబోయి తాస్తిల్ గిలక గుర్తొచ్చి మళ్ళీ పెట్టేశాను.